నలుబది దాటిన దేహము, హద్దు మీదనున్న చక్కెర



ఈ మాసపు పాఠమునకు దేహారోగ్యమునకు సంబంధించిన యొక సంగతిని తీసికొనుచున్నాము. ఇండ్లు దర్శించునప్పుడు 40 మొదలు 55 ఏండ్ల లోపు వారి నోట మేము తరచుగా వినుచున్న మాటలు కొన్ని కలవు. "అయ్యగారూ, అన్నం తినగానే కళ్ళు మూతలు పడుతున్నాయండీ." "రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తోంది." "అరికాళ్ళు మంటలు. చీమలు పాకినట్టుంటోంది." "ఊరికే నీరసం. ఏ పని మీదికీ మనసు పోవడం లేదు." ఈ మాటల వెంట తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఇది షుగరేనంటారా?"

ఈ ప్రశ్నకు పొరుగువారు రెండు విధములుగా జవాబు చెప్పుదురు. "ఆ, షుగరే. మా బావకూ అట్లాగే మొదలైంది" అని కొందరు. "వయసు వచ్చింది గదా, గాలి చేసింది, దిష్టి తగిలింది" అని మరికొందరు. మొదటి మాట విన్నవారు భయపడి ఆ దినమే అన్నము మానివేయుదురు. రెండవ మాట విన్నవారు నిమ్మళించి నిద్రపోవుదురు. అయితే ఈ రెండును ఊహలే. ఊహను బట్టి భయపడుట ఎంత నష్టమో, ఊహను బట్టి నిర్భయముగా నుండుట అంతే నష్టము.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి తగిన ధనమున్నదో లేదో లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించిన సంగతి మనకు తెలియును (లూకా 14వ అధ్యాయము). ఈ పాఠములో మనము నేర్చుకొనవలసినది అదియే. దేహము మొరపెట్టినప్పుడు ఊహింపక లెక్క చూచుకొనవలెను. చక్కెర హద్దు మీద నున్నదని లెక్క తేలినయెడల, అది శిక్ష కాదు; మరలుటకు ఇయ్యబడిన గడువు. మేము వైద్యులము కాము. వైద్యుని యొద్దకు పోవుటకు ముందు ఇంటిలో ప్రతివారికి తెలిసియుండవలసినంత మట్టుకే వ్రాయుచున్నాము.

1. దేహము చెప్పు మాటలు

మా సంఘములోని యిద్దరి సంగతి చెప్పుదుము, పేర్లు వ్రాయము. 48 ఏండ్ల సహోదరునికి అరికాళ్ళ మంటలు, తిమ్మిరి, విపరీతమైన అలసట కలిగెను. షుగరేనని ఇంటివారందరు నిశ్చయించిరి. రెండు నెలలు అన్నము మాన్పించి, కాకరకాయ రసము త్రాగించిరి. ఆయన మరింత నీరసించెను. తుదకు రక్తము పరీక్ష చేయించగా చక్కెర సరిగానే యున్నది. బి12 విటమిను మిక్కిలి తక్కువగా నున్నది. దానికి వైద్యము చేసిన కొన్ని వారములకు మంటలు తగ్గెను.

అదే దినమున ఆయనకు తోడుగా ఆసుపత్రికి వెళ్లిన ఆయన అక్కకు 52 ఏండ్లు. ఆమెకు ఏ బాధయు లేదు. "వచ్చాం గదా, నీవూ చేయించుకో అక్కా" అని తమ్ముడు బలవంతము చేయగా రక్తమిచ్చెను. పరగడుపు చక్కెర 118, మూడు నెలల పరీక్ష 6.2 వచ్చెను. బాధపడిన వానికి చక్కెర లేదు. చక్కెర హద్దు మీద నున్న ఆమెకు బాధ లేదు.

ఇది అరుదైన సంగతి కాదు. చక్కెర హద్దు మీద నున్న స్థితిని వైద్యులు ప్రీడయాబెటిస్ అందురు. మన వాడుకలో "బోర్డరు షుగరు". ఈ స్థితిలో అనేకులకు ఏ లక్షణమును కనబడదు. కాబట్టి బాధ యున్నదని చక్కెర యున్నట్లు కాదు, బాధ లేదని చక్కెర లేనట్లును కాదు.

నడివయసులో ఒకే బాధకు పలు కారణము లుండవచ్చును. వాటిలో కొన్ని చూతము.

అలసట: రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి మందగించుట, నిద్ర చాలకపోవుట, మనోవ్యాకులత, చక్కెర పెరుగుట — ఇన్నింటిలోను అలసట కలుగును. అలసటతో కూడ ఒళ్లు బరువెక్కుట, చలి ఓర్వలేకుండుట, మలబద్ధకము ఉన్నయెడల థైరాయిడ్ పరీక్ష అవసరము. గురక బిగ్గరగా పెట్టి, నిద్రలో ఊపిరి ఆగినట్లై త్రుళ్లిపడి, ఉదయమున తలనొప్పితో లేచువారికి నిద్రలో శ్వాస అడ్డుపడు జబ్బు ఉండవచ్చును. తమ గురక తమకు తెలియదు గనుక ఈ సంగతి భార్యయో భర్తయో చెప్పవలెను.

రాత్రి మూత్రమునకు లేచుట: చక్కెర బాగుగా పెరిగినప్పుడు మూత్రము అధికమగును. అయితే 50 దాటిన పురుషులకు ప్రొస్టేటు గ్రంథి పెరుగుట వలనను, కొన్ని బి.పి. మాత్రల వలనను, ప్రొద్దుపోయిన తరువాత టీ త్రాగుట వలనను ఇట్లు జరుగును.

పాదముల తిమ్మిరి: చాలకాలము పెరిగియున్న చక్కెర నరములను పాడుచేయును. బి12 లోపము, మద్యపానము, నడుము వెన్నుపూసలో నరము నొక్కుకొనుట కూడ అదే బాధ కలిగించును.

చూపు మసకబారుట: 40 దాటిన తరువాత దగ్గరి అక్షరములు కనబడకుండుట అందరికి కలుగునదే, పరిశుద్ధ గ్రంథమును చేయి చాచి దూరముగా పట్టుకొనువారు కండ్లజోడు పెట్టుకొన్న చాలును. అయితే చూపు ఒక దినము బాగుండి మరియొక దినము మసకగా మారుచున్నయెడల చక్కెర పరీక్ష చేయించవలెను.

స్త్రీలలో వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రాభంగము: ఋతుస్రావము నిలిచిపోవు కాలములో ఇవి సాధారణముగా కలుగును. ఈ కాలములో అధిక రక్తస్రావమై రక్తహీనత పాలగు సహోదరీలు అనేకులు. సిగ్గుచే చెప్పుకొనక "నీరసం" అని మాత్రమే చెప్పుదురు. సంఘములోని పెద్ద వయసు స్త్రీలు చిన్నవారిని అడిగి తెలిసికొనుట మేలు.

చక్కెర వైపు మరింతగా వ్రేలు చూపు గురుతులు కొన్ని కలవు. మెడ వెనుక, చంకలలో చర్మము నల్లబడి మొఖమలు గుడ్డవలె దళసరి యగుట. అది మురికి యనుకొని రుద్దువారున్నారు. ఎంత రుద్దినను పోదు. చేతులు కాళ్ళు సన్నముగా నుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చుట. తలిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని షుగరు ఉండుట. గర్భముతో నున్నప్పుడు షుగరు వచ్చి, కాన్పు తరువాత పోయియుండుట. మాటిమాటికి చర్మమునకు తామర, గజ్జలలో దురద వచ్చుట. వీటిలో ఏ యొక్కటి యున్నను, బాధ లేకపోయినను, పరీక్ష చేయించుకొనవలెను.

మరియు ఆలస్యము చేయకూడనివి కొన్ని కలవు. రొమ్ములో బరువు, నడిచినప్పుడు ఆయాసము, ఒక ప్రక్క చేయి కాలు హఠాత్తుగా బలహీనమగుట, మాట తడబడుట — ఇవి వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలసిన సంగతులు. విపరీత దాహముతో కూడ బరువు తగ్గిపోవుచున్నయెడల ఆ దినమే చక్కెర చూపించవలెను. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నయెడల క్షయ పరీక్ష చేయించవలెను.

2. చక్కెర ఎట్లు పెరుగును?

"నేను తీపే తినను, నాకు షుగరెట్లా వచ్చింది?" అని అనేకులు అడుగుదురు. మన పొలముల పోలికతో చెప్పుదుము.

మనము తిను అన్నము, రొట్టె, దుంపలు, పండ్లు కడుపులో అరిగి చక్కెరయై రక్తములో చేరును. రక్తము కాలువ వంటిది; కండరములు పొలముల వంటివి. కాలువనీరు పొలమునకు పారవలెనన్న తూము తెరవవలెను. ఆ తూము తెరచునది ఇన్సులిన్ అను రసము. కడుపు వెనుక నున్న క్లోమగ్రంథి దానిని చేయును. 1921లో కెనడా దేశపు టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అను వారు దానిని వెలికితీసిరి; 1922 జనవరిలో మొదటిసారి యొక రోగి యైన బాలునికి ఇచ్చిరి. అంతకు ముందు తీవ్రమైన చక్కెర వ్యాధి వచ్చిన పిల్లలు బ్రదుకుట లేదు.

నడివయసులో జరుగునది వేరు. పొట్టలోను కాలేయములోను క్రొవ్వు చేరినప్పుడు, కండరములు పని లేక యున్నప్పుడు, తూములు త్రుప్పు పట్టినట్లు బిగుసుకొనును. ఒకరు తెరువవలసిన తూమునకు ఇద్దరు, ముగ్గురు కావలసి వచ్చును. క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ చేసి పంపుచు కొన్ని సంవత్సరములు లెక్క సరిపుచ్చును. ఆ కాలమంతయు మనకు ఏమియు తెలియదు. పిమ్మట ఆ గ్రంథి అలసిపోవును. కాలువలో నీరు గట్టు వరకు వచ్చును. గట్టు వరకు వచ్చుటయే ప్రీడయాబెటిస్. గట్టు పొర్లుటయే మధుమేహము.

"రాత్రి ఏమీ తినలేదు, అయినా పొద్దున్నే 112 ఉందేమిటి?" అనుదానికి జవాబు ఇందులోనే కలదు. రాత్రి మనము తినకపోయినను కాలేయము తాను దాచిన చక్కెరను కొంచెము కొంచెముగా రక్తములోనికి విడుచుచుండును. ఇన్సులిన్ మాట కాలేయము సరిగా విననప్పుడు అది అవసరమునకు మించి విడుచును. కాబట్టి పరగడుపు చక్కెర పెరిగినదని రాత్రి భోజనము పూర్తిగా మానుట దానికి మందు కాదు.

మన దేశస్థులలో ఇది బరువు తక్కువగా నున్నను, చిన్న వయసులోను వచ్చును. భారత వైద్య పరిశోధనా మండలి సహాయముతో దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడెను. దాని లెక్క ప్రకారము 2021 నాటికి మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము, 13 కోట్ల 60 లక్షల మందికి ప్రీడయాబెటిస్ ఉన్నవి. అనగా గట్టు పొర్లినవారికంటె గట్టు మీద నున్నవారే ఎక్కువ.

3. లెక్క చూచుకొను విధము

రక్తము తీయుటకు ముందే ఇంటిలో కూర్చుండి వేసికొనదగిన లెక్క యొకటి కలదు. చెన్నైలోని డాక్టర్ వి. మోహన్ గారి పరిశోధకులు 2005లో దీనిని ప్రకటించిరి. నాలుగు ప్రశ్నలే.

వయసు: 35 లోపు సున్న, 35 నుండి 49 వరకు 20, 50 మొదలుకొని 30.

నడుము కొలత: పురుషునికి 90 సెంటీమీటర్ల లోపు, స్త్రీకి 80 లోపు సున్న, పురుషునికి 90 నుండి 99, స్త్రీకి 80 నుండి 89 వరకు 10, అంతకు మించిన 20. కొలత ప్యాంటు నడుము దగ్గర కాదు. కడపటి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ, ఊపిరి విడిచి కొలువవలెను.

శ్రమ: కష్టమైన పనియు క్రమమైన వ్యాయామమును రెండును ఉన్నయెడల సున్న, రెంటిలో ఒక్కటే ఉన్న 20, రెండును లేక కూర్చుండు పని యైన 30.

తలిదండ్రులు: ఇద్దరికిని షుగరు లేనియెడల సున్న, ఒకరికున్న 10, ఇద్దరికున్న 20.

మొత్తము 60 గాని అంతకు మించి గాని వచ్చినయెడల అపాయము ఎక్కువ, పరీక్ష తప్పనిసరి. ఉదాహరణకు 47 ఏండ్ల సహోదరుడు, నడుము 94, దుకాణములో కూర్చుండు పని, మోటారు సైకిలు మీద తిరుగుట, తల్లికి షుగరు. 20, 10, 30, 10 కలిపి 70. ఆయనకు ఏ బాధ లేకపోయినను రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఈ లెక్క షుగరు ఉన్నదని చెప్పదు. వెదుక వలసినవారెవరో చెప్పును.

ఇక రక్తపరీక్షలు మూడు.

మొదటిది పరగడుపు పరీక్ష. 8 గంటలు మంచినీరు తప్ప ఏమియు పుచ్చుకొనక ఇయ్యవలెను. టీ కూడ త్రాగకూడదు. 100 లోపు సరి. 100 నుండి 125 వరకు హద్దు. 126 మొదలుకొని మధుమేహము. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రము హద్దును 110 నుండి లెక్కించును. కాబట్టి 104 వచ్చినవారికి ఒక వైద్యుడు "హద్దు" అనియు మరియొకరు "పరవాలేదు" అనియు చెప్పినయెడల కలవరపడనక్కరలేదు; ఇద్దరు రెండు కొలబద్దలు పట్టుకొనియున్నారు.

రెండవది గ్లూకోసు నీటి పరీక్ష. 75 గ్రాముల గ్లూకోసు నీటిలో కలిపి త్రాగించి, 2 గంటలకు రక్తము తీయుదురు. 140 లోపు సరి. 140 నుండి 199 వరకు హద్దు. 200 మొదలుకొని మధుమేహము. పరగడుపు సరిగా నుండి ఇందులో మాత్రమే బయటపడువారు మనలో కలరు.

మూడవది హెచ్‌బిఎ1సి, మన వాడుకలో "మూడు నెలల షుగరు". ఎర్ర రక్తకణములు సుమారు 120 దినములు బ్రదుకును. ఆ దినములలో వాటికి అంటుకొన్న చక్కెరను ఈ పరీక్ష కొలుచును. 5.7 లోపు సరి; 5.7 నుండి 6.4 వరకు హద్దు, 6.5 మొదలుకొని మధుమేహము. పరీక్షకు రెండు దినములు ముందు తీపి మానుకొని ఈ లెక్కను మోసపుచ్చలేము. అయితే రక్తకణముల లెక్క తప్పినప్పుడు ఇది కూడ తప్పును. ఇనుము లోపించిన రక్తహీనతలో ఇది ఉన్నదానికంటె ఎక్కువ చూపవచ్చును. రక్తము చాల పోయినవారిలోను, రక్తకణములు త్వరగా నశించు జబ్బులున్నవారిలోను తక్కువ చూపవచ్చును. రక్తహీనత గల సహోదరీలు ఈ సంగతి వైద్యునికి చెప్పవలెను.

ఒక్క చీటీ చూచి తీర్పు తీర్చకూడదు. లక్షణములు లేనివారికి అంకె హద్దు దాటినయెడల రెండవ పరీక్షతో నిర్ధారణ చేయుదురు. వ్రేలు గుచ్చి చూచు చిన్న యంత్రము చికిత్సలో నున్నవారికి ఉపయోగకరము; అయితే రోగమున్నదని నిశ్చయించుటకు నరములోనుండి తీసిన రక్తమే కావలెను. జ్వరము గాని పెద్ద దెబ్బ గాని ఉన్నప్పుడు చక్కెర తాత్కాలికముగా పెరుగును. కీళ్ళనొప్పులకును ఉబ్బసమునకును ఇచ్చు స్టెరాయిడ్ మందులు కూడ చక్కెరను పెంచును. ఊరిలో నొప్పులకు సూదిమందు వేయించుకొన్నవారు ఆ మందు పేరడిగి వ్రాయించుకొని వైద్యునికి చూపవలెను.

30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో బి.పి., చక్కెర పరీక్షలు ఉచితముగా చేయుదురు. మన వీధిలోని ఆశా కార్యకర్తను అడిగిన చాలును. కేవలము ఖర్చునకు భయపడి ఆగిపోవలసిన పని లేదు.

4. గడువును వాడుకొనుట

హద్దు మీద నున్నవారందరు మధుమేహములో పడుదురా? పడరు. మరల వెనుకకు రావచ్చునా? అనేకులు రాగలరు. ఇది మేము ఓదార్పునకు చెప్పు మాట కాదు; లెక్క చూచి చెప్పు మాట.

అమెరికా దేశములో హద్దు మీద నున్న 3,234 మందిని గూర్చిన పరిశీలన 2002లో ప్రకటింపబడెను. బరువులో నూటికి 7 పాళ్లు తగ్గుట, వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచుట అను రెండు గురుతులు పెట్టుకొన్నవారిలో, ఏమియు మార్చుకొననివారితో పోల్చగా, మధుమేహము వచ్చుట నూటికి 58 పాళ్లు తగ్గెను. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసికొన్నవారిలో 31 పాళ్లు తగ్గెను. నడక మాత్రకంటె బలమైనదిగా కనబడెను.

మనవారి సంగతి యేమి? చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారు 531 మందితో చేసిన పరిశీలన 2006లో వెలువడెను. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో మూడేండ్లలో నూటికి 55 మంది మధుమేహములో పడిరి. భోజనము, నడక మార్చుకొన్నవారిలో 39 మంది పడిరి. ఈ లెక్కలో హెచ్చరికయు నిరీక్షణయు రెండును కలవు. ఏమియు చేయకున్న సగము మందికి పైగా పడిరి. అన్నియు చేసినను కొందరు పడిరి. కాబట్టి షుగరు వచ్చిన ప్రతివానిని చూచి "నోరు కట్టుకోలేదు" అని నిందించుట అన్యాయము. వంశము, వయసు మన చేతిలో లేవు.

పడుట ఆలస్యమైనను మేలే. చైనా దేశములోని దాచింగ్ పట్టణములో 1986లో ఆరంభించి 30 ఏండ్లు కనిపెట్టిన పరిశీలనలో, ఆరేండ్లు భోజనము, వ్యాయామము మార్చుకొన్నవారికి మధుమేహము సుమారు 4 ఏండ్లు ఆలస్యముగా వచ్చెను; గుండెజబ్బులును తగ్గెను.

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము.

కంచము: మన కంచములో అన్నము కొండవలెను, కూర గుట్టవలెను ఉండును. దానిని తలక్రిందులు చేయవలెను. సగము కంచము ఆకుకూరలు, కాయగూరలు. పావు వంతు పప్పు, గ్రుడ్డు, చేప, శనగలు. పావు వంతు అన్నము. అన్నము పాపము కాదు. కొలత మించుటయే కీడు. రాగి, జొన్న, కొర్ర మంచివే. అయితే అవి కూడ అరిగి చక్కెరయే అగును. అన్నము మాని మూడు ముద్దల సంకటి తినినయెడల లాభము లేదు. పలుచని జావ త్వరగా రక్తములో చేరును. బెల్లము, తేనె, తాటిబెల్లము చక్కెర తోబుట్టువులే. పండు నమలి తినుట మేలు, రసము పిండి త్రాగుట కీడు. మామిడికాలములో రెండు ముక్కలతో తృప్తిపడుట నేర్చుకొనవలెను.

నడక: "మేం పొలం పని చేసేవాళ్ళం, మాకు నడకెందుకు?" అని కొందరు అడుగుదురు. మన తండ్రులు దుక్కి దున్నిరి. మనము ట్రాక్టరు పిలుచుచున్నాము. వారు పొరుగూరికి నడచిరి; మనము బండి మీద పోవుచున్నాము. నాట్లు, కోతల దినములలో ఒళ్లు విరుగు పని యుండును. తక్కిన నెలలలో అరుగు మీద కూర్చుండుట యుండును. వారమునకు 150 నిమిషములనగా దినమునకు అరగంట చొప్పున 5 దినములు. భోజనమైన వెంటనే 10 నిమిషములు నడచినను భోజనము తరువాతి చక్కెర పెరుగుదల తగ్గును. ఆకలిగొన్న కండరములు తూములు తెరచుకొనును. వారములో రెండు దినములు బరువులెత్తుట, కూర్చుండి లేచుట వంటి పని కండరములకు మేలు.

బరువు: 70 కిలోలున్నవారు 5 కిలోలు తగ్గిన చాలును. ఒక నెలలో కాదు, ఆరు నెలలలో.

నిద్ర, పొగాకు, బి.పి.: 7 గంటల నిద్ర కావలెను. చుట్ట, బీడి, సిగరెట్టు విడువవలెను. చక్కెర హద్దు మీద నున్నప్పుడే గుండెకు అపాయము మొదలగును గనుక బి.పి., రక్తములోని క్రొవ్వు కూడ చూపించుకొనవలెను.

మందు: కొందరికి వైద్యులు మెట్‌ఫార్మిన్ ఇత్తురు. అది వైద్యుని నిర్ణయము. పొరుగువాని మాత్రలు పంచుకొనకూడదు. దీనిని ఏండ్ల తరబడి వేసికొనువారికి బి12 తగ్గవచ్చును గనుక అప్పుడప్పుడు చూపించవలెను. మెంతులు, కాకర భోజనములో తినుటకు అభ్యంతరము లేదు; వాటిని నమ్మి పరీక్ష మానుటయే అపాయము. హద్దు మీద నున్నవారు కనీసము సంవత్సరమున కొకసారి రక్తము చూపించుకొనవలెను.

5. ఇంటివారును సంఘమువారును

మేము చూచినంతలో మనవారిని పరీక్షకు రానీయక ఆపునవి రెండు. ఒకటి దాపరికము. "అమ్మాయి పెళ్లి కావాలి, షుగరని తెలిస్తే సంబంధం తప్పిపోతుంది" అని తల్లులు మందులచీటీ బియ్యపు డబ్బాలో దాచుదురు. దాచిన చీటీ ఎవరికిని ఉపయోగపడదు. హద్దు మీద నున్న తల్లి తన సంగతి చెప్పినయెడల, ఆ కుమార్తె తన గర్భకాలములో ముందుగా జాగ్రత్తపడగలదు. సంబంధములు చూచు పెద్దలారా, షుగరు పేరు చెప్పి పిల్లను త్రోసివేయకుడి; మీ యింటిలోను వెదకిన దొరకునది అదియే.

రెండవది, పరీక్షకు పోవుట అవిశ్వాసమను తలంపు. హిజ్కియా రాజు ప్రార్థించెను. ఆయన పుంటికి అంజూరపుపండ్ల ముద్ద కట్టించినవాడు ప్రవక్తయైన యెషయాయే. తిమోతి కడుపు జబ్బును గూర్చి పౌలు సలహా వ్రాసెను. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థనయు పరీక్షయు ఒకదానికొకటి విరోధులు కావు. ప్రార్థించి, బండి యెక్కి ఆసుపత్రికి పోవుడి.

ఉపవాసమును గూర్చి యొక మాట. చక్కెర మాత్రలు గాని ఇన్సులిన్ గాని పుచ్చుకొనువారు వైద్యుని అడుగక ఉపవాసముండకూడదు. కొన్ని మాత్రలు తినకుండ నున్నవారిలో చక్కెరను మిక్కిలి దిగజార్చును. వణుకు, చెమటలు, మతిభ్రమ కలిగి పడిపోవుదురు. అట్టివారు భోజనము చేసి ప్రార్థనలో కూర్చుండుట తక్కువతనము కాదు. ఉపవాస కూటములు నడుపు పెద్దలు ఈ మాట ముందుగా ప్రకటించవలెను.

ఇంటిలో ఒక్కరికే వేరు కంచము పెట్టినయెడల ఆ మార్పు నెల దినములు నిలువదు. కూర అందరికి పెంచుడి, అన్నము అందరికి తగ్గించుడి. సాయంకాలము భార్యాభర్త లిద్దరును కలిసి నడువుడి. సంఘ విందులలో పులావు, పాయసముతో కూడ ఒక గంపెడు దోసకాయ, క్యారెట్టు ముక్కలు, ఒక గిన్నెడు ఉడికిన శనగలు పెట్టుటకు పెద్ద ఖర్చు కాదు. మేము దర్శనమునకు వచ్చినప్పుడు ప్రతి యింట రెండు చెంచాల పంచదారతో టీ ఇత్తురు. అయిదిండ్లు తిరిగినయెడల పది చెంచాలగును. ప్రేమ గల సహోదరీలారా, మంచినీళ్లు గాని మజ్జిగ గాని ఇచ్చినను మీ ప్రేమ తగ్గదు, మా ఆరోగ్యము మిగులును.

పైని చెప్పిన ఆ 52 ఏండ్ల సహోదరి ఇప్పుడు దినమును దేవాలయము నుండి చెరువు గట్టు వరకు నడచి వచ్చుచున్నది. ఏడు నెలలకు 4 కిలోలు తగ్గెను. మూడు నెలల పరీక్ష 5.8కి దిగెను. ఇంకను హద్దు మీదనే యున్నది, అయితే ముఖము వెనుకకు తిరిగినది. ఆమె వెంట ఇప్పుడు మరి నలుగురు నడచుచున్నారు.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యింటిలో 35 దాటినవారెందరు? పైని చెప్పిన నాలుగు ప్రశ్నల లెక్క ఒక్కొక్కరికి ఎంత వచ్చినది?

2. చెప్పుకొనక దాచుకొన్న బాధ మనలో ఎవరికైన కలదా? దానిని వినుటకు మనము ఎన్నడైన కూర్చుంటిమా?

3. మన కంచములో ఈ వారము మార్చగల యొక్క సంగతి యేది?

4. మన వీధిలో తోడు లేక ఆసుపత్రికి పోలేనివారెవరు? వారితో ఎవరు పోవుదురు?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఒక పేరుగాను ఒక తేదీగాను వ్రాసికొని, వచ్చు ఆదివారము మాకు చెప్పుడి.